ఉబ్బసానికి పంపు (ఇన్‌హేలర్) కొడుతున్నా రాత్రి దమ్ము ఆగడం లేదు, తప్పు ఎక్కడ జరుగుతోంది?

కాటా గుమాస్తా (మిర్యాలగూడ):

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ మళ్ళీ మూడున్నరకు లేచి కూర్చున్నా, ఇగ నిద్ర ఎట్లాగూ రాదు కాబట్టి రాస్తున్నా. కొంచెం పొడుగుంటుంది, ఏమనుకోవద్దు.

నాకు 44 ఏళ్ళు. మిర్యాలగూడ పక్కన ఒక రైస్ మిల్లులో కాటా దగ్గర గుమాస్తాను, పదమూడేళ్ళయింది. ఉబ్బసం అని తేలి ఆరేళ్ళు. చిన్నప్పుడు సర్ది చేస్తే పిల్లికూతలు వచ్చేవని మా అమ్మ అంటుంది, పదేళ్ళు దాటాక దానంతట అదే పోయిందట. మళ్ళీ ఎందుకు తిరిగొచ్చిందో దానికే తెలియాలి. బీడీలు తాగేవాణ్ణి, మానేసి ఐదేళ్ళు.

యాసంగి వడ్లు రావడం మొదలైనప్పటి నుంచి రాత్రి మూడు, నాలుగు మధ్య మెలకువ వస్తున్నది. ఛాతీ మీద బస్తా పెట్టినట్టు ఉంటుంది, నా కూతలకు పక్క మంచంలో నా భార్య లేస్తుంది. దమ్ము వచ్చినప్పుడు కొట్టుకునే నీలం పంపు రెండు పఫ్‌లు కొడితే పావుగంటలో నెమ్మదిస్తుంది, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతా. వారంలో మూడు నాలుగు రాత్రులు ఇదే కథ. పగలు మాత్రం బాగానే ఉంటా. లారీ వచ్చి హాపర్‌లో వడ్లు గుమ్మరించినప్పుడు దుమ్ము లేస్తుంది కదా, అప్పుడు రుమాలు కట్టుకుంటా, అవసరమైతే ఒక పఫ్ కొట్టుకుంటా. రోజు మొత్తం మీద నాలుగైదు పఫ్‌లు అవుతాయేమో. నీలం పంపు ఇరవై, ఇరవై రెండు రోజులకు ఒకటి కొంటున్నా.

డాక్టర్ ఇంకో పంపు కూడా రాశారు, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి అని. అది వేస్తే అప్పటికప్పుడు తేడా ఏమీ తెలియదు, ధర చూస్తే నీలం దానికి రెండింతల పైన. పైగా దానిలో స్టెరాయిడ్ ఉందని మా బావమరిది చెప్పాడు. అందుకే బాగా ఎక్కువైనప్పుడు మాత్రమే నాలుగు రోజులు వాడి ఆపేస్తా. మరీ ఎగపోత వస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటా, ఈ సీజన్‌లో మూడుసార్లు అయింది. సూది పడితే వారం రోజులు పులిలా ఉంటా.

రెండు నెలలుగా చేతులు కొద్దిగా వణుకుతున్నాయి, గుండె దడదడ అంటున్నది. దానికి వేరే చోట చూపించుకుంటే రోజూ వేసుకోవడానికి ఒక గోళీ ఇచ్చారు, అది కాస్త నయం.

నేను అడిగేది ఒకటే. పంపు మార్చాలా, డాక్టర్‌ను మార్చాలా, లేక మిల్లే మానేయాలా? మిల్లు మానేస్తే ఇల్లు గడవదు, అది ముందే చెప్తున్నా.

పాలమూరు పోరడు (జడ్చర్ల):

అన్నా, మీ పోస్టులో "పగలు బాగానే ఉంటా" అన్న ముక్క దగ్గర ఆగిపోయా, ఎందుకంటే నాలుగేళ్ళ కింద నేను అచ్చం ఇదే మాట అన్నా. నాకు 39, కార్ల డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఉంది.

మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె "ఎలా ఉంది" అని అడగలేదు. "మీరు మానేసిన పనులేంటో చెప్పండి" అన్నది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కోటి బయటపడింది. మేడ మీద పడుకోవడం మానేసి కింది గదికి మారాం, పిల్లలకు హోంవర్క్ కింద చేయించడం సులువని సాకు. బండి స్టాండులో పెట్టి బజారులో నడవడం మానేశా, నేరుగా కొట్టు ముందే ఆపుతా. కురుమూర్తి జాతరకు పోయి గుట్ట ఎక్కకుండా కిందనే కొబ్బరికాయ కొట్టి తిరిగొచ్చా, అది కూడా రెండేళ్ళు వరుసగా. దమ్ము రావడం లేదు అనుకున్నా కానీ దమ్ము వచ్చే పనులన్నీ నేనే ఒక్కొక్కటిగా వదిలేసుకున్నా. రోగం అదుపులో లేదన్నా, నేనే దాని అదుపులో ఉన్నా.

ఆమె నాలుగు ప్రశ్నలు అడిగింది, గుర్తున్నాయి. గడిచిన నాలుగు వారాల్లో పగటి పూట వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డారా, ఉబ్బసం వల్ల రాత్రి ఒక్కసారైనా లేచారా, నీలం పంపు వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ వాడారా, దీని వల్ల ఏ పనైనా తగ్గించుకున్నారా. అన్నిటికీ లేదు అంటే అదుపులో ఉన్నట్టు. ఒకటో రెండో అవును అయితే అంతంత మాత్రం, మూడు నాలుగు అయితే అసలు అదుపు లేనట్టే. మీరు రాసిన దాన్ని బట్టి మీకు మూడు ఖాయం, నాలుగోది మీరే ఆలోచించుకోండి. రాత్రి మెలకువ గురించి వారానికి ఎన్నిసార్లు అనే లెక్కే లేదు గమనించండి, నెలలో ఒక్కసారి లేచినా అది అవునే.

ఇంకొకటి. ఆదివారమో, మిల్లు బందు ఉన్నప్పుడో, పెళ్ళికి ఊరెళ్ళినప్పుడో మీకు ఎలా ఉంటుంది? నాకు రెండు డబ్బాల పెయింట్ కలిపి కొట్టిన రోజు సాయంత్రం పట్టేసేది. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అని ఉంటాయట, మనుషులకు ఉబ్బసం తెప్పించే వాటిలో పేరుమోసినవి అవే. దసరాకు వారం షెడ్డు మూస్తే పంపు ముట్టుకునే అవసరమే రాలేదు. అప్పటి నుంచి స్ప్రే పని వేరే అతనికి, అతను కూడా గాలి బయటి నుంచి వచ్చే మాస్కుతోనే, నేను డెంటింగ్, బిల్లులు. సంపాదన కొంచెం తగ్గింది, అబద్ధం చెప్పను. మీరు కూడా ఒక నోటు పుస్తకంలో రాయండి, మిల్లుకు పోయిన రోజు, పోని రోజు, రాత్రి ఎలా ఉంది అని. రెండు మూడు వారాలు రాస్తే దొంగ దొరుకుతాడు.

పంపు కొట్టే పద్ధతి గురించి వేరేవాళ్ళు చెప్తారు. నేనైతే క్యాప్సూల్ వేసి పీల్చే డబ్బాలోకి ముందు ఉఫ్ అని ఊది తర్వాత పీల్చేవాణ్ణి, మందంతా నా ఊపిరికే బయటికి పోయేది. ఏడాది పాటు. నవ్వకండి.

మెడికల్ షాపు (నకిరేకల్):

షాపు మూసే టైం, అయినా ఇది చూశాక రాయకుండా ఉండలేను.

ముందు మీ లెక్క. నీలం పంపులో 200 పఫ్‌లు ఉంటాయి. 22 రోజులకు ఒకటి అంటే రోజుకు తొమ్మిది. మీరేమో నాలుగైదు అంటున్నారు. కాటా దగ్గర పనిచేసే మనిషికి తూకం తేడా వస్తే ఎలా చెప్పండి. సగం మందు గాల్లోకైనా పోతూ ఉండాలి, లేదా మీకు తెలియకుండా కొడుతూనైనా ఉండాలి. రెండూ మంచివి కావు.

ఏడాదిలో మూడు నీలం పంపులు దాటాయంటేనే ఉబ్బసం తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని, నెలకొకటి చొప్పున పన్నెండు దాటితే ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుందని ప్రపంచమంతా డాక్టర్లు పాటించే జినా (GINA) ఉబ్బసం మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీ లెక్కన ఏడాదికి పదహారు. నీలం పంపు ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. లోపల వాపు అలాగే ఉంటుంది. వాపు తగ్గించేది మీరు పక్కన పెట్టిన రెండో పంపు. 2019 నుంచి పెద్దవాళ్ళకు నీలం పంపు ఒక్కటే ఇచ్చి పంపవద్దని జినా వాళ్ళు గట్టిగా చెప్తున్నారు. ఇప్పుడు బ్యుడెసోనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపు ఒక్కటే ఇచ్చి పొద్దున రాత్రి అదే, దమ్ము వచ్చినప్పుడూ అదే కొట్టమని చాలామంది డాక్టర్లు రాస్తున్నారు. అయితే మీ పంపు ఏదో చూడకుండా మీకు మీరే అలా మొదలుపెట్టకండి, సాల్మెటరాల్ ఉన్నదైతే దమ్ము వచ్చినప్పుడు వాడటానికి పనికిరాదు, అది ఆలస్యంగా పనిచేస్తుంది.

ఇక అసలు సంగతి. దడకు ఇచ్చిన ఆ గోళీ పేరేంటి? అట్ట చూసి రాయండి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఒళ్ళు నొప్పులకు ఏం వేసుకుంటారో, కంట్లో చుక్కలు ఏమైనా వేస్తున్నారో కూడా చెప్పండి.

కాటా గుమాస్తా (మిర్యాలగూడ):

కళ్ళ చుక్కలు లేవు. నడుం నొప్పికి అప్పుడప్పుడు పారాసెటమాల్. గోళీ అట్ట మీద ప్రొప్రనలాల్ 40 అని ఉంది, పొద్దున సాయంత్రం. ఇచ్చేటప్పుడు ఉబ్బసం ఉందని నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. దడకు పోయినా కదా, దమ్ము సంగతి ఎందుకులే అనుకున్నా.

పోరడు అడిగిన దానికి జవాబు, ఉగాదికి రెండు రోజులు మిల్లు బందు పెడితే ఆ రెండో రాత్రి లేవలేదు, ఇప్పుడు మీరు అంటేనే గుర్తొచ్చింది. నాలుగో ప్రశ్న కూడా అవునే. మిల్లులో పైన ఆఫీసు గది ఉంది, సంతకాలకు ఫైళ్ళు నేను పట్టుకెళ్ళేవాణ్ణి. ఈ ఏడాది పిల్లగాణ్ణి పంపిస్తున్నా.

మెడికల్ షాపు (నకిరేకల్):

అనుకున్నదే అయింది. అన్నా, ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు. ప్రొప్రనలాల్ గుండె దడకు మంచి మందే, తలనొప్పికీ వణుకుకూ కూడా ఇస్తారు, కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళ ఊపిరి గొట్టాలను అది బిగించేస్తుంది, ఉబ్బసం ఉంటే ఇవ్వకూడని మందు. పైగా మీ నీలం పంపు పనిచేసే చోటే ఇది తాళం వేస్తుంది, దమ్ము ముదిరినప్పుడు పంపు సరిగా పట్టదు.

ఇది ఎలా జరిగిందో చూడండి. రెండో పంపు మానేశారు కాబట్టి నీలం పంపు ఎక్కువైంది. నీలం పంపు ఎక్కువైతే చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది, అది ఆ మందు గుణం. ఆ దడకు ఈ గోళీ. ఈ గోళీతో దమ్ము పెరిగింది, మళ్ళీ నీలం పంపు. ఎవరిదో ఒకరి తప్పని అనలేం, రెండు చోట్లా మీరు సగం సగం కథ చెప్పారు.

కొన్నాళ్ళుగా వేసుకుంటున్నారు కాబట్టి ఠక్కున మీ అంతట మీరు ఆపేయొద్దు, బీపీ, గుండె చూసి ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి. కానీ ఇవాళే ఫోన్ చేయండి, లేదంటే నల్గొండ వెళ్ళండి. రెండు పంపులు, ఈ అట్ట, సూది వేయించుకున్న తేదీలు, అన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. చీటీ పోయినా పర్వాలేదు, అట్టలు పోవద్దు. కంటి చుక్కలు ఎందుకు అడిగానంటే, నీటికాసులకు వేసే టిమోలాల్ కూడా ఈ జాతి మందే, కంట్లో వేసినా ఊపిరి దాకా పోతుంది. ఇది మా షాపుకు వచ్చే ముసలివాళ్ళకు చెప్తే నమ్మరు.

ఊరి పెద్దమనిషి:

తమ్మీ, ఇవన్నీ ఎందుకు. పంపు ఒకసారి అలవాటైతే చచ్చేదాకా వదలదు. వచ్చే నెల మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కు పోయి చేప ప్రసాదం మింగిరా. వరుసగా మూడేళ్ళు తింటే దమ్ము మాట ఎత్తవు. మా ఊరోళ్ళు బండి కట్టుకుని పోతారు.

బత్తాయి తోట (దేవరకొండ):

పెద్దాయనా, మీరు మంచికే చెప్తున్నారు, కానీ మా బాపు సంగతి చెప్తా వినండి. ఆయన కూడా మూడేళ్ళు కొరమీను పిల్లను మింగాడు, ఆ లైన్లో నేనూ నిలబడ్డా. నమ్మకం ఆయనది, కాదనను, తగ్గుతుందని రుజువు లేకపోయినా కాదనను. మూడో ఏడు ఆయన ఏం చేశాడంటే, పత్యం పడుతున్నా కదా అని ఎవరూ చెప్పకుండానే పంపు ఆపేశాడు. పదో రాత్రి వాన పడింది, సర్ది పట్టింది, తెల్లారేసరికి మనిషి మాట్లాడలేకపోయాడు. 108 వచ్చేదాకా ఆయన కళ్ళు నా వైపు చూసిన తీరు నేను మర్చిపోను. తర్వాత బాగయ్యాడు, ఇప్పుడు రోజూ పంపు వాడతాడు. చేప కావాలంటే తినండి, పంపు మాత్రం ఆపొద్దు.

అలవాటు మాట కూడా తప్పే. రోజూ అన్నం తింటే అన్నానికి అలవాటు పడ్డావని అంటామా?

గుమాస్తా అన్నా, మిల్లు దుమ్ము అందరూ చెప్పారు కాబట్టి నేను ఇంటి గురించి అడుగుతా. మీరు రాత్రి లేస్తున్నారంటే పడుకునే గది చూడండి. దోమల చుట్ట వెలిగిస్తారా? తలుపులు మూసి వెలిగిస్తే ఆ పొగ సిగరెట్ పొగకు తక్కువేం కాదు. మా ఇంట్లో చుట్ట ఆపి దోమతెర కట్టాక బాపు దగ్గు సగం తగ్గింది. అగరుబత్తి, సాంబ్రాణి కూడా అంతే, దేవుడు ఏమీ అనుకోడు, ఒక దీపం చాలు. ఎండాకాలం కదా, కూలర్ గడ్డి మార్చారా? పోయినేడాది గడ్డి అయితే దానిలో బూజు ఉంటుంది, రాత్రంతా మీ ముఖం మీదికే ఊదుతుంది. దిండ్లు, బొంతలు మేము వారానికోసారి వేడి నీళ్ళలో పిండి ఎండలో వేస్తాం. కట్టెల పొయ్యి ఉంటే ఇంట్లో ఆడవాళ్ళను కూడా ఒకసారి చూపించండి, మా అమ్మకు గ్యాస్ వచ్చిన ఐదేళ్ళకు కూడా నీళ్ళు కాగబెట్టడం కట్టెల మీదే, రుచి తేడా వస్తుందట, నీళ్ళకు రుచేంటో! తోటలో వయ్యారిభామ పీకేటప్పుడు నాకు తుమ్ములు ఆగవు, పూత రాకముందే పీకిస్తాం ఇప్పుడు.

మిల్లు నుంచి ఎన్నింటికి వస్తారు, వచ్చి తిని వెంటనే పడుకుంటారా? పుల్లటి త్రేన్పులు వస్తుంటే అది కూడా డాక్టర్‌కు చెప్పండి.

నైట్ డ్యూటీ సిస్టర్ (మహబూబ్‌నగర్):

డ్యూటీలో ఉన్నా, మధ్యలో పిలిస్తే ఆపి మళ్ళీ వచ్చి రాస్తా, అక్కడక్కడ తెగినట్టు ఉంటే సర్దుకోండి.

షాపాయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, ముందు ఆ పని చేయండి.

మా దగ్గరికి ఉబ్బసంతో వచ్చినవాళ్ళను నేను ముందు అడిగేది, పంపు తీసి నా ముందు ఒకసారి కొట్టి చూపించండి అని. సిగ్గుపడతారు, ఏళ్ళ నుంచి వాడుతున్నాం అంటారు. పదిమందిలో చాలామంది తప్పే చేస్తారు, చదువుకున్నవాళ్ళు కూడా. కొందరు ఊపరు. కొందరు ముందు పీల్చేసి తర్వాత నొక్కుతారు. కొందరు ముక్కుతో పీలుస్తారు, మందు నోట్లోనే ఉంటుంది. ఒక పెద్దమనిషి మూత తీయకుండానే కొట్టి, ఇది ఖాళీ ఇచ్చారు అన్నాడు. ఒక అవ్వ క్యాప్సూళ్ళను నీళ్ళతో మింగుతోంది, రోజుకు రెండు చొప్పున, క్రమం తప్పకుండా.

నొక్కే పంపు అయితే బాగా ఊపి, ఊపిరి మొత్తం బయటికి వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కి, ఛాతీ నిండేదాకా పీల్చి పదంకెలు లెక్కపెట్టేదాకా ఆపాలి. రెండో పఫ్‌కు అర నిమిషం ఆగండి. నాలుగైదు పఫ్‌లు టపటపా కొడితే మొదటిదే సరిగా పనికొస్తుంది, మిగతావి డబ్బులు దండగ. మీ తొమ్మిది పఫ్‌ల లెక్క అక్కడే పోతోందని నా అనుమానం. పంపుకు తగిలించే స్పేసర్ గొట్టం కొనుక్కోండి, చేతికీ ఊపిరికీ పొత్తు కుదరకపోయినా మందు లోపలికి పోతుంది. క్యాప్సూల్ డబ్బా అయితే దీనికి పూర్తిగా విరుద్ధంగా, గట్టిగా, వేగంగా పీల్చాలి, లోపలి క్యాప్సూల్ గిరగిరా తిరిగే చప్పుడు వినపడాలి. రెండో పంపు వాడాక పుక్కిలించి ఉమ్మండి, లేకపోతే నాలుక మీద తెల్లటి పొర కడుతుంది, గొంతు బొంగురు పోతుంది.

స్టెరాయిడ్ భయం గురించి మీ బావమరిదికి ఈ మాట చెప్పండి. పంపులో ఒక పఫ్‌కు 200 మైక్రోగ్రాములు ఉంటుంది అనుకుందాం. దమ్ము ముదిరితే మేము ఇచ్చే ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేరే మందులే, బలం సమానం కాదు, కానీ బరువు చూస్తే ఒక్క రోజు గోళీ 200 పఫ్‌లంత. పంపులోది ఊపిరితిత్తుల దాకా పోతుంది, గోళీ, సూది ఒళ్ళంతా తిరుగుతాయి. మీకు ఊళ్ళో వేసిన సూదుల్లో కూడా చాలావరకు స్టెరాయిడే ఉండి ఉంటుంది, అందుకే వారం పులి. చిన్న స్టెరాయిడ్‌కు భయపడి పెద్ద స్టెరాయిడ్‌ను మూడుసార్లు పిలిచారు. ఇలా జీవితంలో నాలుగైదు కోర్సులు దాటితేనే షుగర్, ఎముకలు పలచబడటం, కంట్లో శుక్లాలు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇంకోటి, బీడీలు తాగారు, నలభై దాటారు. ఊది చూసే పరీక్ష, స్పైరోమెట్రీ, ఎప్పుడైనా చేశారా? ఉబ్బసమా, పొగ వల్ల వచ్చే సీవోపీడీనా, రెండూ కలిశాయా తేలాలి, మందులు కొంచెం తేడా. దగ్గు రెండు వారాలు దాటి ఉంటే టీబీ ఉందేమో చూసే కళ్ళె పరీక్ష కూడా, సర్కారు దవాఖానలో ఫ్రీనే.

ఈ లోపు ఇంట్లోవాళ్ళకు ఇవి చెప్పి పెట్టండి. ఒక వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతే, పెదాలు నీలంగా మారితే, మనిషి మగతగా పడిపోతుంటే, పంపు కొట్టినా తగ్గకపోతే, 108. బండి వచ్చేలోపు నిటారుగా కూర్చోబెట్టి స్పేసర్‌తో నీలం పంపు నాలుగు నుంచి పది పఫ్‌లు, ఒక్కోటి విడివిడిగా, ఇరవై నిమిషాలకోసారి అలా. ఇంత దమ్ములో పిల్లికూతలు ఆగిపోతే తగ్గిందని సంతోషపడొద్దు, గాలే ఆడకపోతే కూత కూడా రాదు.

పిలుస్తున్నారు, పోవాలి.

కాటా గుమాస్తా (మిర్యాలగూడ):

నాలుగు వారాలయింది, అందరికీ చెప్పాలి కదా అని మళ్ళీ వచ్చా.

ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేశా, మర్నాడు నల్గొండ పోయా. సంచి బల్ల మీద గుమ్మరించా. డాక్టర్ అట్ట చూసి తల పట్టుకున్నాడు. ఈసీజీ తీశారు, గుండెకు ఏం లేదన్నారు, గోళీని తగ్గించుకుంటూ వచ్చి వారంలో మాన్పించారు. ఊది చూసే పరీక్షలో పంపు కొట్టక ముందుకూ తర్వాతకూ బాగా తేడా వచ్చింది, ఉబ్బసమే అని రాశారు. ఇప్పుడు ఒకే పంపు, పొద్దున రాత్రి అదే, దమ్ము వస్తే కూడా అదే. ధర సంగతి అడిగితే జన ఔషధి కేంద్రంలో ఇదే మందు తక్కువకు దొరుకుతుందని ఆయనే చెప్పారు, దొరికింది.

సిస్టర్ అన్నదే నిజం. నర్సమ్మ ముందు పంపు కొట్టి చూపిస్తే నోట్లోంచి పొగ బయటికి వచ్చింది, ఆమె నవ్వలేదు, నేనే నవ్వా. స్పేసర్ ఇప్పించారు.

కాటా రిజిస్టర్ వెనక పేజీలో పఫ్‌లు గీతలు గీస్తున్నా. మొదటి వారం దమ్ముకు కొట్టినవి రోజుకు మూడు, నాలుగు. ఈ వారం మొత్తానికి నాలుగు. రాత్రి లేవడం ఈ వారంలో ఒక్కసారి, అది కూడా పెళ్ళికి పోయి ఆలస్యంగా తిని పడుకున్న రోజు. చేతుల వణుకు దానంతట అదే పోయింది, దడ కూడా.

మిల్లు సంగతి మాత్రం తేలలేదు. సేటును అడిగితే సీజన్ అయ్యాక చూద్దాం అన్నాడు. కాదనలేదు, ఔననలేదు. నేనే కాటా గది కిటికీకి అద్దం బిగించుకున్నా, రుమాలు బదులు ఎన్95 మాస్కు. లారీ హాపర్ మీదికి పోయినప్పుడు తలుపు వేసేస్తా. దుమ్ము ఆగదు, తగ్గింది అంతే. డాక్టర్ కూడా చోటు మారడమే అసలు మందు అన్నారు, వానాకాలం వడ్లు వచ్చేలోపు ఏదో ఒకటి చేయాలి. ఇంట్లో దోమల చుట్ట బందు, కూలర్ గడ్డి మార్చా, పాతది తీస్తే నల్లగా ఉంది. ఆఫీసు గది మెట్లు మొన్న ఎక్కా, పద్దెనిమిది ఉన్నాయి, మధ్యలో ఒకచోట ఆగా. ఫైళ్ళు ఇంకా పిల్లగాడే తెస్తున్నాడు.

పెద్దమనిషి గారూ, మృగశిరకు మా అమ్మ పట్టుబట్టింది, పోయి ప్రసాదం తీసుకున్నా. పంపు జేబులోనే ఉంది.

సిస్టర్‌కు ఒక చిన్న డౌటు, స్పేసర్ ఎన్ని రోజులకు కడగాలి?

నైట్ డ్యూటీ సిస్టర్ (మహబూబ్‌నగర్):

చాలా సంతోషం అన్నా. వారానికోసారి చాలు. విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్ళలో ముంచి తీసి అలాగే ఆరనివ్వండి. గుడ్డతో మాత్రం తుడవొద్దు, ప్లాస్టిక్‌ను రుద్దితే మందు దాని గోడలకే అంటుకుపోతుంది, మీ లోపలికి వచ్చేది తగ్గిపోతుంది.

కాటా గుమాస్తా (మిర్యాలగూడ):

అయ్యో. నా భార్య రోజూ రాత్రి చీర కొంగుతో తళతళా మెరిసేలా తుడిచి పెడుతున్నది. ఇప్పుడే పోయి చెప్తా.